ముందు తిరుగు టిక్కెట్టు కొనండి

షార్జాలో ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపు పెట్టుకున్న మా మేనల్లుడు సంక్రాంతికి మాకవరపాలెం వచ్చి, అరుగు మీద కూర్చుని ఒక మాట అడిగాడు. “మావయ్యా, మన చుట్టుపక్కల ఊళ్ల నుంచి 12 మంది కుర్రాళ్లని రెండేళ్ల వీసా మీద తీసుకెళ్దామనుకుంటున్నాను. 19 ఏళ్లు క్యాంపుల్లో ఉన్నవాడివి, ఏం చెయ్యాలో చెప్పు.” చెప్పడం మొదలుపెట్టాను. నాలుగో మాట దగ్గరే వాడు తల అడ్డంగా ఊపాడు. పక్కనే ఉన్న వాళ్ల నాన్న, “ఏటి బావా ఇవి? యాపారం చేసుకునేవోడికి సెప్పే మాటలేనా?” అని కోప్పడ్డాడు. డబ్బు పెట్టి మనిషిని రప్పించుకునేవాడికి నా సలహాలు తలకిందులుగానే కనిపిస్తాయని నాకు తెలుసు. అయినా ఒక్కటి కూడా మార్చుకోలేదు. వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. దుబాయిలో, మస్కట్‌లో, దోహాలో, దమ్మాంలో షాపులూ హోటళ్లూ కాంట్రాక్టులూ నడుపుకుంటూ, మనుషుల కోసం మన జిల్లా వైపు చూసే తెలుగు యజమానులందరూ చదవాలని నా కోరిక.

మా మండలం సంగతి కొంచెం చెప్పాలి. మాది చెరకు, వరి, జీడిమామిడి పండే నేల. బెల్లం అనకాపల్లి మార్కెట్టుకి పోతుంది, కుర్రాళ్లు నర్సీపట్నం బస్సెక్కి అక్కణ్నించి ఎక్కడికైనా పోతారు. రాచపల్లి దగ్గర అన్‌రాక్ అల్యూమినియం కర్మాగారం ఉంది. పేరు చివర ఉన్న ‘రాక్’ అంటే రస్ అల్ ఖైమాయే. 2007లో మన రాష్ట్రానికీ ఆ ఎమిరేట్‌కీ కుదిరిన ఒప్పందం నుంచి పుట్టిన ఫ్యాక్టరీ అది. చింతపల్లి వైపు జెర్రెల కొండల్లోని బాక్సైట్ దానికి రావాల్సింది. కొండ మీది గిరిజనులు ఒప్పుకోలేదు, తవ్వకం జరగలేదు. వాళ్లు ఒప్పుకోకపోవడం న్యాయమేనని నా నమ్మకం. అలా గల్ఫ్ పెట్టుబడి మా పొలాల మధ్యకి వచ్చింది గానీ దాని వెనక రావాల్సినంత పని రాలేదు. ఆ ఫ్యాక్టరీ కట్టుబడి పనుల్లో వెల్డింగ్ హోల్డర్ పట్టడం నేర్చుకున్న కుర్రాళ్లు కొందరు, అదే విద్య పట్టుకుని అదే సముద్రం దాటారు.

ఇక వీసా సంగతి. ఆ కాగితంలో పనివాడి పేరు పక్కన మీ పేరు ఉంటుంది. మీరు రద్దు చేస్తే ఆ దేశంలో వాడు ఉండే హక్కు కూడా రద్దయ్యే దారిలో పడుతుంది. ఒక మనిషి అన్నం, నిద్ర, ఇంటికి వెళ్లే రోజు, అన్నీ ఇంకో మనిషి చేతిలో ఉన్న కాగితానికి ముడిపడి ఉంటాయి. అందుకే వీసాకి సాయం చెయ్యడమంటే ఫారాలు నింపడం, స్టాంపింగ్ చేయించడం అని నేను అనుకోను. ఆ పని ఏ టైపింగ్ సెంటర్లోనైనా చేసి పెడతారు. మీ దగ్గర నుంచి వాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లిపోగలిగేలా చెయ్యడమే సాయం. నా సలహాలన్నీ ఆ ఒక్క ముక్క లోంచి వచ్చినవే.

వెళ్లే టిక్కెట్టు కంటే ముందు వచ్చే టిక్కెట్టు

మా మేనల్లుడు తల అడ్డంగా ఊపింది ఇక్కడే. “రాకముందే పోవడానికి డబ్బు కట్టాలా?” అన్నాడు. కట్టాలి. విశాఖపట్నం నుంచి వెళ్లే టిక్కెట్టు తియ్యకముందే, తిరుగు ప్రయాణానికి సరిపడా డబ్బు వాడి పేరు మీదో, వాడి భార్య పేరు మీదో ఇక్కడి బ్యాంకులో వెయ్యండి. ఎందుకు వాడుకున్నావని తర్వాత అడగొద్దు. పని అయిపోయాక మనిషిని ఇంటికి పంపే ఖర్చు యజమానిదేనని ఎమిరేట్స్ కార్మిక చట్టం ఎలాగూ చెబుతుంది. సౌదీ చట్టమూ రప్పించుకునే ఖర్చూ, ఇకామా (నివాస అనుమతి) రుసుమూ, తిరుగు టిక్కెట్టూ యజమాని మీదే పెట్టింది. చివర్లో ఎలాగూ పెట్టాల్సిన డబ్బుని మొదట్లోనే పెట్టమంటున్నాను, అంతే.

ఎందుకంటే నాకు జరిగింది చెబుతాను. 2003లో మొదటిసారి వెళ్లాను. రెండో ఏడు మా నాన్న పోయాడు. ఫోను వచ్చేసరికి నేను స్కఫోల్డింగ్ మీద ఉన్నాను. దిగి ఫోర్‌మన్ దగ్గరికి పరుగెత్తాను. పాస్‌పోర్టు ఇంకో ఊళ్లో ఉన్న హెడ్డాఫీసు లాకర్లో ఉందన్నారు. తాళం ఉన్న మనిషి సెలవులో ఉన్నాడన్నారు. మనిషి వచ్చాక, టిక్కెట్టు డబ్బులు జీతంలో కోసుకుంటామని సంతకం పెట్టమన్నారు. పెట్టాను. ఆ సంతకం కాగితం మళ్లీ హెడ్డాఫీసుకి వెళ్లి రావాలన్నారు. నేను ఇల్లు చేరింది 14వ రోజున. తలకొరివి మా చిన్నాన్న కొడుకు పెట్టాడు, పెద్దకర్మ కూడా అయిపోయింది. మా అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అరుగు మీద నాన్న కూర్చునే చోట చాప మడిచి పెట్టి ఉంది, అది చూపించి లోపలికి వెళ్లిపోయింది. ఆ కంపెనీ వాళ్లు దుర్మార్గులేం కారు. నెలనెలా జీతం ఇచ్చారు. వాళ్ల పద్ధతే అది, అంతే. పద్ధతి అలా ఉంటే మంచివాళ్ల చేతుల మీదుగా కూడా ఇలాంటివే జరుగుతాయి.

పాస్‌పోర్టు వాడికి, పెట్టె మీవంతు

పాస్‌పోర్టు మీ దగ్గర ఉంచుకోవద్దు. ‘భద్రంగా ఉంటుందని’ అనే మాట క్యాంపుల్లో వెయ్యి సార్లు విన్నాను. భద్రత మీద అంత శ్రద్ధ ఉంటే వాడికి ఒక ఇనప పెట్టె కొనివ్వండి, తాళం వాడికే ఇవ్వండి. ఎమిరేట్స్‌లో 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం పనివాడి పత్రాలు యజమాని పట్టుకోవడాన్ని నిషేధించింది. కతార్‌లో పాస్‌పోర్టు పట్టుకుంటే జరిమానా 25,000 రియాళ్ల దాకా ఉంటుంది. చట్టం చెప్పింది కాబట్టి ఇచ్చెయ్యడం ఒక ఎత్తు. విమానాశ్రయంలో దిగిన రోజే, స్టాంపింగ్‌కి ఎన్ని రోజులు కావాలో చెప్పి, ఇచ్చే తారీఖు కాగితం మీద రాసి, ఆ తారీఖుకి వాడు అడక్కుండానే గదికి వెళ్లి చేతిలో పెట్టడం ఇంకో ఎత్తు. రెండోదే చెయ్యండి. అడిగి తీసుకున్న పాస్‌పోర్టు దయలా ఉంటుంది. అడగకుండా వచ్చినది తన వస్తువులా ఉంటుంది.

“మరి పారిపోతే?” అంటారు. నేను టైంకీపర్‌గా ఉన్నన్ని ఏళ్లలో ఖల్లివల్లి అయిపోయిన, అంటే కంపెనీ వదిలి పారిపోయిన వాళ్లని చాలామందిని చూశాను. పాస్‌పోర్టు లాకర్లో ఉన్నా పారిపోయారు, అది లేకుండానే పారిపోయారు. కాగితం లేని మనిషి ఎక్కడో ఒక గదిలో, సగం కూలికి, పోలీసు కంట పడకుండా బతుకుతాడు. జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్లడానికి భయపడతాడు. లాకర్ వాణ్ని ఆపలేదు, ఇంటికి రాకుండా మాత్రం ఆపింది.

మొదటి జీతం ఇక్కడే, గుమ్మంలోనే

ఇది అన్నిటికంటే వెర్రి సలహా అని మా బావ తేల్చేశాడు. నాకు మాత్రం ఇదే అన్నిటికంటే ముఖ్యమైనది.

మొదట లెక్క చూడండి. 2003లో ఏజెంటుకి నేను కట్టింది 65,000 రూపాయలు. మా అమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టింది చాలక, నూటికి 3 రూపాయల వడ్డీకి తెచ్చాం. లెక్క సులువుగా ఉండడానికి మొత్తం ఆ వడ్డీకే అనుకుందాం. నెల వడ్డీ 1,950. తిండికి పోగా నెలకి 5,000 ఇంటికి పంపగలిగేవాణ్ని. అది మొత్తం అప్పుకే కట్టినా తీరడానికి 17 నెలలు పడుతుంది. రెండేళ్ల వీసాలో 17 నెలలు! ఇంట్లో వాళ్లు ఆ 17 నెలలూ ఏం తిన్నారో నేను అడగలేకపోయాను. ఆ 17 నెలల్లో ఫోర్‌మన్ ఏమన్నా పడ్డాను. ఓటీ (ఓవర్‌టైం) లెక్క తప్పు వేస్తే నోరెత్తలేదు. అప్పున్న మనిషికి వద్దనే నోరు ఉండదు. అలాంటి మనిషి ఇచ్చే అంగీకారానికి విలువేమిటి? మీ దగ్గర సంతోషంగా పనిచేస్తున్నాడో, అప్పు భయంతో పనిచేస్తున్నాడో మీకు ఎప్పటికీ తెలియదు.

ఇది కొత్త వ్యవహారమేం కాదు. మన తాతలు విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల నుంచి స్టీమరెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లారు. బియ్యం మిల్లుల్లో, రేవు పనుల్లో చేరారు. అక్కడి మేస్త్రీ వాళ్లకి దారి ఖర్చుకీ ఇంటి ఖర్చుకీ అడ్వాన్సు ఇచ్చేవాడు, తర్వాత కూలిలో కోసుకునేవాడు. బాకీ తీరేదాకా మనిషి మేస్త్రీ మనిషే. బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాల గుర్తుగా విశాఖలో బర్మా క్యాంపు అనే పేటే ఉంది. స్టీమరు పోయి విమానం వచ్చింది, మేస్త్రీ పోయి సబ్ ఏజెంటు వచ్చాడు. ముందు బాకీ, తర్వాత పని అనే వరస మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ వరసని మీరు తిరగెయ్యండి. వీసా ఖర్చు, మెడికల్, టిక్కెట్టు, ఏజెంటు రుసుము మొత్తం మీరే పెట్టుకోండి. మన దేశంలో రిజిస్టరైన ఏజెంటు పనివాడి దగ్గర 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 35,400 కంటే ఎక్కువ తీసుకోకూడదు. ఎమిరేట్స్ చట్టం ప్రకారమైతే రప్పించుకునే ఖర్చు పనివాడి నుంచి అసలు రాబట్టకూడదు, నేరుగానైనా చాటుగానైనా. ఏజెంటు దగ్గర లైసెన్సు ఉందో లేదో ఈమైగ్రేట్ పోర్టల్లో చూసుకోండి. అక్కడితో ఆగకండి. మీరే, లేదా మీ తరఫున నమ్మకమైన మనిషి వాడి ఇంటికి వెళ్లి, తల్లినో భార్యనో అడగాలి: “ఈ వీసా కోసం ఎవరికైనా ఏమైనా ఇచ్చారా?” మగవాళ్లు ‘లేదండీ’ అంటారు, ఏజెంటు అలా చెప్పమన్నాడు కాబట్టి. మెడలో ఏముందో, ఏం లేదో ఆడవాళ్లకే తెలుసు. ఇచ్చారని తేలితే ఆ డబ్బు ఏజెంటు నుంచి వెనక్కి ఇప్పించండి. ఇవ్వనంటే మీరే ఇచ్చి, ఆ ఏజెంటుతో తెగతెంపులు చేసుకోండి.

ఆ తర్వాత, విమానం ఎక్కడానికి ముందే ఒక నెల జీతం ఇంట్లో ఇవ్వండి. దాన్ని అడ్వాన్సు అనకండి, తర్వాత కోసుకోకండి. అడ్వాన్సు అన్నారంటే మీరూ మేస్త్రీయే. వాడు వెళ్లిన మొదటి 40 రోజులు ఇంట్లో పొయ్యి వెలగడానికి ఇస్తున్న డబ్బు అది. మెడికల్, బతాకా (గుర్తింపు కార్డు) అయ్యి, మొదటి జీతం ఖాతాలో పడేదాకా ఆ ఇల్లు అప్పు కోసం చెయ్యి చాచకూడదు. “తీసుకుని రాకపోతే?” అన్నాడు మేనల్లుడు. ఒకడు రాకపోవచ్చు. అలా పోయే ఒక నెల జీతం, చెడ్డ ఇనప ప్లేట్లు ఒక లోడు వచ్చినప్పుడు నీకు పోయే డబ్బు కంటే తక్కువే అన్నాను. వాడు మాట్లాడలేదు.

రావద్దని చెప్పండి

కుర్రాణ్ని ఎంచుకున్నాక, వాడి ఇంటి అరుగు మీదే, ఇంటిల్లిపాదీ వింటుండగా, రాకుండా ఉండడానికి ఎన్ని కారణాలు ఉన్నాయో అన్నీ చెప్పండి. ఎండ 48 డిగ్రీలు దాటుతుందని చెప్పండి. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదనే నియమం ఉంది గానీ, తెల్లవారుజామున నాలుగింటికి లేచే అవస్థ ఉందని కూడా చెప్పండి. గదిలో ఎంతమంది పడుకుంటారో, బాత్రూము ఎంత దూరమో ఫోన్లో వీడియో తీసి చూపించండి. బాగున్న గది చూపించి బాగోని గదిలో దింపొద్దు. జీతం ఎంత, దానిలో మూలవేతనం ఎంత అనేది విడివిడిగా చెప్పండి. ఎమిరేట్స్‌లో ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే సర్వీసు డబ్బులు మూలవేతనం మీదే లెక్క కడతారు, మొదటి ఐదేళ్లకి ఏడాదికి 21 రోజుల చొప్పున. కాంట్రాక్టు తెలుగులో రాయించి, చదవడం రానివాళ్లు ఉంటే గట్టిగా చదివి వినిపించండి. పనిపేరు వీసాలో ఏముందో పనిలో అదే ఉండాలి. 6జీ వెల్డింగ్ పరీక్ష పాసైన పైపు వెల్డర్ని హెల్పర్ వీసా మీద పిలవడం వాడి చేతిలోని విద్యని దొంగిలించడమే. విజిట్ వీసా మీద రప్పించి ‘తర్వాత మారుద్దాం’ అనే మాట నోట రానివ్వొద్దు.

అన్నీ విన్నాక వారం రోజులు ఆలోచించుకోమనండి. ఆ వారంలో వద్దనుకున్నవాణ్ని మెచ్చుకోండి. వచ్చేవాడు కళ్లు తెరిచి వస్తాడు.

దగ్గరి బంధువుల్ని పిలవకండి. దీని మీద నాతో చాలామంది పోట్లాడారు. మావయ్యకి, బాబాయికి, పెదనాన్న కొడుక్కి ఎదురు నిలబడి ‘నా ఓటీ ఏది’ అని ఎవడూ అడగలేడు. అడిగితే ఊళ్లో పెళ్లిళ్ల దగ్గర మాటలు పోతాయి. జీతం అడగలేని చోట మనిషిని పెట్టకూడదు.

మీ మీద ఫిర్యాదు ఎలా చెయ్యాలో మీరే నేర్పండి. గది గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. ఎమిరేట్స్‌లో ఉన్న మనవాళ్ల కోసం ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 800 46342. అక్కడి కార్మిక శాఖ నంబరూ దాని కిందే ఉండాలి. చేరిన వారంలో ఒకసారి వాళ్ల ఫోన్లోంచే చేయించి, అవతల ఎవరో ఒకరు పలుకుతారని చూపించండి. ఫిర్యాదు చెయ్యడం వచ్చినవాడు ముందు మీ దగ్గరికే వస్తాడు, నా అనుభవంలో అలాగే జరిగింది.

బీమా కూడా మీరే కట్టండి. పది పాసవ్వని ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టు వాళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకి పనికి వెళ్లాలంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకి ప్రీమియం 275 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా అంగవైకల్యం వచ్చినా పది లక్షలు వస్తాయి. పది పాసైనవాడికి అది తప్పనిసరి కాదు. మా మండలంలో ఇప్పటి కుర్రాళ్లు చాలామంది పది పాసైనవాళ్లే కాబట్టి, చదువుకున్నందుకే రక్షణ తగ్గింది. ఆ లోటు యజమాని పూడ్చాలి.

మంచాలు లెక్కపెట్టుకోండి, తలుపులు కూడా

2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో పనివాళ్లు ఉండే భవనం తగలబడింది. 45 మంది భారతీయుల భౌతికకాయాలని వైమానిక దళం విమానం కొచ్చికి తెచ్చింది. వాళ్లలో ముగ్గురు మన రాష్ట్రం వాళ్లు. చాలామంది నిద్రలో, పొగలో పోయారు. మీరు తీసుకున్న గదుల్లో ఒక రాత్రి మీరు పడుకోండి. లైట్లు ఆపేసి, చీకట్లో మెట్లు వెతుక్కుంటూ కిందికి దిగండి. ఎంతసేపు పట్టిందో చూసుకోండి. తాళం పడిన తలుపు ఏదైనా ఉంటే ఆ రాత్రే తాళం పగలగొట్టించండి. వంటగ్యాసు ఎక్కడుందో, దాని పక్కన ఎవరి మంచం ఉందో చూడండి. ఈ ఒక్క విషయంలో నేను చెప్పింది వెర్రి సలహా అని ఇప్పటిదాకా ఎవరూ అనలేదు, చేసినవాళ్లని కూడా నేను చూడలేదు.

ఇక, వాడు మీ దగ్గర మానేసి వెళ్లే రోజు సంగతి. పక్క షాపువాడు రెండొందల దిర్హమ్‌లు ఎక్కువిస్తానంటే మీవాడు వెళ్తాననవచ్చు. వెళ్లనివ్వండి. నోటీసు గడువు చూసుకుని, బాకీలన్నీ రూపాయితో సహా కట్టి, అనుభవపత్రం మీద వాడు నిజంగా చేసిన పని రాసి ఇవ్వండి. వెల్డర్ అయితే వెల్డర్ అని, ఏయే పైపులు, ఏ పొజిషన్లు చేశాడో రాయండి. ఆ ఒక్క కాగితమే వాడికి తర్వాతి ఉద్యోగం. లెక్క తేల్చడం విమానం ఎక్కాక ఖాతాలో వేస్తామనే మాట మీద పెట్టకండి. ఎయిర్‌పోర్టుకి వెళ్లే కారులోనైనా సరే, వాడి కళ్ల ముందు తేలాలి.

మేనల్లుడు 12 మందిని అనుకున్నవాడు చివరికి ఐదుగురితో సరిపెట్టుకున్నాడు. ఖర్చు నేను చెప్పినట్టు పెడితే అంతమందికే డబ్బు సరిపోయిందట. నాకు అది బాగానే అనిపించింది. వాళ్లలో ఒక కుర్రాడి ఇంటికి కాంట్రాక్టు పట్టుకుని నేనే వెళ్లాను. పెరట్లో చెరకు ఆకు ఎండుతోంది. ఒక్కొక్క ముక్కా చదివి వినిపిస్తుంటే వాళ్లమ్మ మధ్యలో ఆపింది. జీతం గురించి అడగలేదు.

“బాబూ, మద్దిలో నాకేటైనా అయితే ఈడు వొచ్చీగలడా?”

తిరుగు టిక్కెట్టు డబ్బు పడిన పాసుపుస్తకం ఆమె చేతిలో పెట్టాను. ఆమెకి చదవడం రాదు. కొడుకు పేరు ఎక్కడుందో వేలితో చూపించమంది, చూపించాను.